కీళ్ళనొప్పుల మాత్రలకును పోలికమడి కావలెను

వానకాలపు నాట్లు ముగిసిన వారములలో ఏ గ్రామమునకు పోయినను ఒక సంభాషణ తప్పక వినబడును. ఒక పెద్దమనిషి మోకాలు పట్టుకొని అరుగుమీద కూర్చుండి యుండును. దారిన పోవువాడొకడు ఆగి, “మామా, మా బావ పట్నంనుంచి ఒక డబ్బా తెప్పించుకున్నాడు. రెండు నెలలు మింగాడు. ఇప్పుడు గట్లమీద పరుగెత్తుతున్నాడు. నువ్వూ తెప్పించుకోరాదా?” అనును. ప్రక్కనున్న మరియొకరు డబ్బాతో పనిలేదనియు, వంకాయ, చింతపండు, పప్పు మానినచో చాలుననియు చెప్పుదురు. ఇంటిలోని ముసలమ్మ పసుపు పాలనును. ఎదురింటివారు నల్లేరు పచ్చడి యందురు. నొప్పి పడు మనిషి వీనిలో దేనిని కాదనగలడు? తరచుగా అన్నింటిని ఒక్కసారే మొదలుపెట్టును.

నొప్పి తగ్గించుకొన జూచుటలో తప్పులేదు. కాని అదే రైతు వద్దకు అంగడివాడు క్రొత్త పొడి యొకటి తెచ్చి, ఇది చల్లినచో ఎకరమునకు ఐదు బస్తాలు ఎక్కువ పండునని చెప్పెననుకొనుడు. తెలిసిన రైతు పొలమంతటికి చల్లడు. ఒక మడికి చల్లి, ప్రక్క మడిని చల్లకుండ విడుచును. విత్తనము, నీరు, నాటిన దినము రెంటికి ఒక్కటే. నూర్పిడినాడు రెండును వేరువేరుగ తూచును. పోలికమడి లేక పొడి గుణము తెలియదని అతనికి ఎవరును నేర్పనక్కరలేదు. తన మోకాలి విషయమున మాత్రము ఆ జాగ్రత్త విడిచిపెట్టును. ఆ జాగ్రత్తను ఇంటిలోనికి ఎట్లు తెచ్చుకొనవలెనో చెప్పుటకే ఈ వ్యాసము.

ఒక మాట ఇచ్చట చెప్పవలెను. పోలికమడికి శాస్త్రరూపమిచ్చినది వ్యవసాయమే. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రములో 1919లో చేరిన రోనాల్డ్ ఫిషర్, ఏ మడికి ఏ ఎరువు వేయవలెనో మన యిష్టమునకు విడువక చీటీలు తీసినట్లు నిర్ణయించు పద్ధతిని నెలకొల్పెను. అది తరువాత వైద్యులకు పోయినది. క్షయరోగమునకు స్ట్రెప్టోమైసిన్ మందు పనిచేయునా లేదా అని బ్రిటనులో జరిపి 1948లో ప్రకటించిన పరీక్షలో రోగులను అట్లే రెండు భాగములు చేసినారు. పొలము నుండి ఆసుపత్రికి పోయిన విద్య యిది. కనుక రైతు దీనికి క్రొత్తవాడు కాడు.

మొదట ఏ నొప్పియో తెలియవలెను

భూసార పరీక్ష లేక ఎరువు వేయుట ఎట్టిదో, నొప్పి రకము తెలియక మాత్రలు మింగుట అట్టిది. కీళ్ళనొప్పులన్నియు ఒక్కటి కావు.

మన గ్రామములలో ఎక్కువగా కనిపించునది మోకాలి అరుగుదల. గుజ్జు అరిగినదని జనులు చెప్పునది ఇదియే. ఎముకల కొనలపైనుండు నున్నని మృదులాస్థి పలుచబడి, కీలు చుట్టునున్న భాగములన్నియు క్రమముగ మార్పు చెందును. మెట్లు ఎక్కునప్పుడు, గొంతుకూర్చుండి లేచునప్పుడు నొప్పి హెచ్చును. ప్రొద్దున కీళ్ళు బిగిసియున్నను సాధారణముగ అరగంటలోపల వదలును.

రుమటాయిడ్ కీళ్ళవాతము వేరు. ఇది రెండు చేతుల వ్రేళ్ళ కణుపులను, మణికట్లను సమానముగ పట్టును. కీళ్ళు వాచి వెచ్చగా నుండును. ప్రొద్దుటి బిగుతు గంటకు మించి యుండును. ముప్పది, నలువది ఏండ్ల స్త్రీలలోనూ వచ్చును. ఈ జబ్బులో శరీరమే తన కీళ్ళపై దాడి చేయును. మొదటి నెలలలో సరియైన మందు మొదలుపెట్టినవారికి కీళ్ళు నిలుచును. ఆలస్యమైనవారికి వ్రేళ్ళు వంకరపోవును, పోయినది తిరిగి రాదు. ఈ జబ్బున్నవారు పొడులతోను, పథ్యములతోను ఆరు నెలలు గడుపుట పంటకు తెగులు పట్టినపుడు కోతవరకు ఆగి చూచుట వంటిది. నేను ఈ వ్యాసములో చెప్పబోవు ఇంటి పరీక్షలేవియు వైద్యుని మందునకు బదులుగా వీరికి వర్తించవు.

గౌట్ అనునది మూడవది. రాత్రికి రాత్రి కాలి బొటనవ్రేలి మొదలు ఎఱ్ఱగా వాచి, దుప్పటి తగిలినను ఓర్వరాని నొప్పి పుట్టును. రక్తములో యూరిక్ ఆమ్లము హెచ్చి కీళ్ళలో స్ఫటికములుగా పేరుకొనుట దీనికి కారణము. దీనికి మంచి మందులున్నవి.

చికున్‌గున్యా జ్వరము తరువాత నెలల తరబడి మిగులు నొప్పులు మరియొక రకము. 2005, 2006 సంవత్సరములలో మన ప్రాంతమున ఆ జ్వరము ప్రబలినపుడు వీనిని చూడని గ్రామము తక్కువ. అవి చాలమందిలో కాలక్రమమున వాటంతటవే తగ్గును. ఆ తగ్గిన దినములలో ఏది తినుచుండిరో దానికి పేరు వచ్చును.

గ్రామోద్యోగులు ప్రత్యేకముగ గమనింపవలసినది ఫ్లోరోసిస్. మన దేశములో ఈ జబ్బును వైద్యులు తొలుత వర్ణించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లా గ్రామములనుండియే. నల్గొండ ప్రాంతపు బిడ్డలలో మోకాళ్ళు లోపలికి వంగిపోవుటను గూర్చి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1973లో ప్రకటించినారు. ఒకే పేటలో, ఒకే బావి లేక బోరు నీరు త్రాగు అనేకులకు మెడ, నడుము బిగిసి వంగలేకపోవుట, పిల్లల పండ్లపై గోధుమరంగు చారలుండుట కనబడినచో, ఆ నీటిని పరీక్షకు పంపవలెను. లీటరుకు 1 మిల్లీగ్రాముకంటె ఫ్లోరైడు మించరాదు. వేరు నీరు దొరకని చోట 1.5 వరకే అనుమతి. కుళాయి నీరు వచ్చిన గ్రామములలోను పొలము కడ పనిచేయువారు పాత బోరు నీరే త్రాగుచుందురు. ఈ నొప్పికి మాత్ర కాదు, నీరు మార్చుటయే మొదటి చికిత్స.

ఉత్తిమాత్ర మింగిన నూరుగురిలో అరువదిమంది

ఇక డబ్బాల మాటకు వత్తము. మోకాలి అరుగుదలకు అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడగునవి గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ అను రెండు. ఇవి మృదులాస్థిలో సహజముగా నుండు పదార్థములే గనుక, తినినచో అరిగిన గుజ్జు నిండునని ప్రచారము. అరిగిన గట్టుకు మట్టి వేసినట్లు ఇది సులభముగ మనసుకెక్కును. కాని నోట వేసినది కడుపులో జీర్ణమై, ఎచ్చటెచ్చటికో పోవును.

అమెరికాలో ప్రభుత్వ ధనముతో మోకాలి అరుగుదల గల 1,583 మందిపై ఒక పెద్ద పరీక్ష జరిపి 2006లో ఫలితములు ప్రకటించినారు. వారిని చీటీపద్ధతిని ఐదు భాగములు చేసి ఒక భాగమునకు గ్లూకోసమిన్, ఒక భాగమునకు కాండ్రాయిటిన్, ఒక భాగమునకు రెండును కలిపి, ఒక భాగమునకు సెలికాక్సిబ్ అను నొప్పిమాత్ర, మిగిలిన భాగమునకు మందు లేని ఉత్తిమాత్ర ఇచ్చినారు. ఎవరు ఏది మింగుచున్నదియు మింగువారికి తెలియదు. 24 వారముల తరువాత, నొప్పి ఐదవ వంతైనను తగ్గినవారిని లెక్కించినారు. గ్లూకోసమిన్ వారిలో నూటికి 64 మంది, కాండ్రాయిటిన్ వారిలో 65 మంది, రెండును తినినవారిలో సుమారు 67 మంది, నొప్పిమాత్ర వారిలో 70 మంది.

ఉత్తిమాత్రవారిలో నూటికి 60 మంది!

ఈ అంకె యొద్ద కొంచెము ఆగుడు. మందు లేని మాత్ర మింగిన నూరుగురిలో అరువదిమంది తమకు తగ్గినదని నిజముగనే చెప్పినారు. పోలికమడి లేకుండిన యెడల, గ్లూకోసమిన్ నూటికి 64 మందికి పనిచేసెనని చాటింపు వేసియుందురు. పోలికమడి ఉండుటచేత నాలుగు మాత్రమే తేడా యని తేలినది. అంత తేడా యాదృచ్ఛికముగను వచ్చును. నొప్పి ఎక్కువగానున్న చిన్న భాగములో మాత్రము రెండును కలిపి తినినవారికి 79, ఉత్తిమాత్రవారికి 54 వచ్చినది. అది కొంత ఆశ కలిగించునదే గాని, ఆ భాగములోనివారు తక్కువమంది గనుక మరల పరీక్షింపవలెనని ఆ పరిశోధకులే చెప్పినారు.

ఉత్తిమాత్రతో ఎట్లు తగ్గును? కొంత నమ్మకమువలన, నమ్మకము నొప్పిని నిజముగనే కొంత తగ్గించును. కాని పెద్ద కారణము మనకు బాగుగా తెలిసినదే. మోకాలి నొప్పి ఏడాది పొడుగున ఒక తీరున నుండదు. నాట్లలో వంగి, బురదలో కాళ్ళీడ్చి నడిచి, శ్రావణములో నొప్పి ముదురును. ఓర్వలేనపుడే డబ్బా కొనుట జరుగును. హాయిగా నున్న దినమున ఎవరును కొనరు. భాద్రపదము, ఆశ్వయుజము వచ్చుసరికి వంగుడు పని తగ్గి, మోకాలు తానే కుదుటబడును. ఆ పేరు డబ్బాకు పోవును. కోతలలో మరల నొప్పి వచ్చినపుడు, “డబ్బా అయిపోయింది, అందుకే” అని ఇంకొకటి తెప్పింతురు. మన బావగారు అబద్ధము చెప్పలేదు. ఆయన ప్రక్కన డబ్బా తినని బావగారు ఒకరు లేరు, అంతే.

గ్లూకోసమిన్ సాధారణముగ ప్రమాదకరమైనది కాదు. తినదలచినవారిని వారింపను. కాని ఇది ఎక్కువగా రొయ్యల, పీతల పెంకులనుండి తీయబడును. రొయ్య పడనివారు, శాకాహార నియమమున్నవారు డబ్బామీద చదివి చూచుకొనవలెను. కాండ్రాయిటిన్ పశువుల, సొరచేపల మృదులాస్థి నుండి వచ్చును. మన రొయ్యల చెరువులనుండి పోయిన పెంకే ఏదో దేశము తిరిగి అందమైన డబ్బాలో మన యింటికి వచ్చునని కొందరికి తెలియదు. గుండెజబ్బునకు రక్తము పలుచబరచు వార్ఫరిన్ మాత్ర తినువారు వైద్యునడుగక గ్లూకోసమిన్‌గాని, చేపనూనెగాని, పసుపు మాత్రలుగాని ముట్టరాదు.

విటమిన్ డి, కాల్షియము మాత్రల సంగతి త్వరగా ముగింతును. ఎముక వేరు, కీలులోని గుజ్జు వేరు. కాల్షియము ఎముకకు కావలెను. దానిని రాగులు, నువ్వులు, పాలు, మునగాకు ఇచ్చును. రాగులు 100 గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాములుండును, బియ్యములో ఆ లెక్కకే రాదు. కాని మోకాలి అరుగుదల కాల్షియము తక్కువగుటచేత వచ్చినది కాదు. విటమిన్ డి మోకాలి నొప్పి తగ్గించునేమో యని అమెరికాలో 146 మందికి రెండేండ్లు ఇచ్చి చూచి 2013లో ప్రకటించినారు. ఉత్తిమాత్రకంటె మేలు కనబడలేదు. రక్తపరీక్షలో నిజముగ లోపమున్నవారికి వైద్యుడు వ్రాసినచో తినవలెను, అది వేరు సంగతి.

మన పసుపు, మన అందుగు

పసుపు విషయము కొంత రుచికరముగ నున్నది. థాయిలాండులో మోకాలి అరుగుదల గల 367 మందిపై పరీక్ష జరిపి 2014లో ప్రకటించినారు. సగముమందికి రోజుకు 1,500 మిల్లీగ్రాముల పసుపు సారము, సగముమందికి 1,200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ నొప్పిమాత్ర నాలుగు వారములు ఇచ్చినారు. నొప్పి తగ్గుటలో పసుపు సారము నొప్పిమాత్రకు తీసిపోలేదు. కడుపునొప్పి మాత్రము తక్కువగ వచ్చినది. నాలుగు వారములు చిన్న గడువే. అయినను మన దుగ్గిరాల, నిజామాబాదు రైతులు సంతోషింపదగిన ఫలితము.

అయితే పసుపు సారము వేరు, వంట పసుపు వేరు. పనిచేయు పదార్థమని భావింపబడుచున్న కర్కుమిన్ పసుపులో నూటికి సుమారు మూడు పాళ్ళే. చిన్న చెంచా పసుపు మూడు గ్రాములనుకొన్నచో అందులో కర్కుమిన్ 90 మిల్లీగ్రాములు. ఒక గ్రాము కర్కుమిన్ కావలెనన్న 30 గ్రాములకు పైగా పసుపు తినవలెను. అది ఎవరివలనను కాదు. పైగా తినినదానిలో రక్తమునకు ఎక్కునది స్వల్పము. మిరియాలలోని పైపరిన్ చేర్చినచో అది పెక్కు రెట్లు హెచ్చునని బెంగుళూరు పరిశోధకులు 1998లో చూపినారు. మన పెద్దలు పసుపు పాలలో మిరియపు పొడి వేయుట ఇందులకు సరిపోవుచున్నది. కాని అదే మిరియపు సారము కలిపిన గట్టి పసుపు మాత్రలు తినినవారిలో కొందరికి కాలేయము వాచినట్లు ఇటలీ మొదలగు దేశములలో బయటపడినది. వంటింటి మోతాదు మించినప్పుడు పసుపు వంటదినుసు కాదు, మందు. మందునకుండు జాగ్రత్తలన్నియు దానికి కావలెను. కన్నులు పచ్చబడుట, మూత్రము ముదురురంగుగ వచ్చుట కనబడినచో వెంటనే మానవలెను. విడిగా అమ్ము మిక్కిలి మెరుపు పసుపులో కల్తీ రంగులుండుటయు కలదు. ఇంట పండిన కొమ్ములున్నవారు ఆదంచుకొనుటయే మేలు.

మన అడవులలోని అందుగు చెట్టు బంకతో చేసిన మాత్రలపై నాగపూరు వైద్య కళాశాలలో జరిగిన పరీక్షను రైతులు మెచ్చుకొందురు. 30 మంది రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు మందు, ఒక భాగమునకు ఉత్తిమాత్ర ఎనిమిది వారములు ఇచ్చినారు. కొన్ని వారములు విరామమిచ్చి, పిమ్మట భాగములను తారుమారు చేసినారు. ఈ ఏడు ఎరువు వేసిన మడిని వచ్చే ఏడు ఉత్తగ వదలి, ఉత్త మడికి ఎరువు వేసినట్లన్నమాట. మందు తిను కాలములో నొప్పి, వాపు తగ్గి నడక మెరుగుపడినదని 2003లో ప్రకటించినారు. ముప్పదిమందితో తీర్పు చెప్పరాదుగాని, ఇంటి పరీక్షకు ఆ తారుమారు పద్ధతి చక్కని దారి చూపుచున్నది.

చేపనూనె రుమటాయిడ్ జబ్బునకు వైద్యుని మందుతోపాటు కొంత సహాయము చేయునని పెక్కు పరీక్షలలో తేలినది. రోజుకు సుమారు మూడు గ్రాముల ఒమేగా కొవ్వులు, మూడు నెలలకు తక్కువ కాకుండ కావలెను. మన తీరపు కవళ్ళు, కానగంతలు ఈ కొవ్వు కలవే. వారమునకు రెండు పూటలు తినుట ఆరోగ్యమునకు మంచిదే గాని, ఆ మోతాదునకు చాలదు. నల్లేరు పచ్చడి రుచికి తినుడు; కీళ్ళకు దాని మేలు గట్టి పరీక్షకు నిలిచినట్లు చెప్పజాలను. వావిలాకు కాచిన వేడినీళ్ళ కాపడము ఆ పూటకు హాయినిచ్చును, కర్చు లేదు.

పథ్యము పేర కండ కరగించుకొనరాదు

నాకు డబ్బాలకంటె పథ్యములే ఎక్కువ భయము కలిగించును. వాతము చేయునని కందిపప్పు మానిపింతురు. తరువాత గ్రుడ్డు, పెరుగు, వంకాయ, బంగాళాదుంప, చింతపండు ఒక్కటొక్కటిగ పోవును. చివరకు ముసలమ్మకు మిగులునది కారపు మెతుకులు, చారునీళ్ళు. మోకాలిని పట్టి నిలుపునది తొడ ముందు భాగపు కండ. మాంసకృత్తులు లేక ఆ కండ కరగినచో మోకాటిపై భారము హెచ్చి నొప్పి పెరుగును. అప్పుడు ఇంకొక వస్తువు మానిపింతురు! జాతీయ పోషకాహార సంస్థవారి లెక్కప్రకారము మనిషి బరువు కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. ఏబది కిలోల మనిషికి నలువది గ్రాములకు పైమాట. పప్పు, మజ్జిగ రెండును మానినచో శాకాహారికి అది ఎచ్చటనుండి వచ్చును?

వంకాయ, బంగాళాదుంప కీళ్ళనొప్పి పెంచునని నిలకడయైన ఋజువు లేదు. పప్పు మాట గౌట్ విషయములోనైనను పరీక్షకు నిలువలేదు. అమెరికాలో 47,150 మంది పురుషులను పండ్రెండేండ్లు గమనించి 2004లో ప్రకటించిన ఫలితములలో, మాంసము, సముద్రపు చేపలు హెచ్చుగా తినువారికి గౌట్ హెచ్చినది. పప్పుధాన్యములు, ప్యూరిన్లు గల కూరలు తినువారికి హెచ్చలేదు. పాలు, పెరుగు వాడువారికి తగ్గినది. అదే పరిశీలనలో బీరు త్రాగుట గట్టి కారణముగ తేలినది. గౌట్ ఉన్నవాడు పప్పు మాని సీసా మానకుండుట ఎంత వింత!

చింతపండు కథ ఇంకను విచిత్రము. జాతీయ పోషకాహార సంస్థవారు కొద్దిమంది బాలురకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 దినములు పెట్టి చూడగా, మూత్రములో పోవు ఫ్లోరైడు హెచ్చినదని 2002లో ప్రకటించినారు. చిన్న పరీక్షయే, నీరు మార్చుటకు ఇది బదులు కాదు. కాని ఫ్లోరైడు నీటి గ్రామములో కీళ్ళనొప్పికని చింతపండు మానిపించుట ఏ పనికి వచ్చెనో ఆలోచింపవలెను.

ఏదైన ఒక పదార్థము తినిన ప్రతిసారి తనకు నొప్పి హెచ్చుచున్నదని తోచినవారు దానిని ఒక్కదానినే మూడు వారములు మాని, మరల మూడు దినములు తిని చూడవచ్చును. హెచ్చనిచో దానిని కంచములోనికి తిరిగి తెచ్చుకొనవలెను. తిరిగి తెచ్చుకొనుటయే మనవారు మరచు భాగము.

ఆహారములో గట్టి ఋజువు గలది ఒక్కటి కలదు: బరువెక్కువగా నున్నవారు తగ్గుట. ఒక కిలో బరువు తగ్గినచో ప్రతి అడుగునకు మోకాటిపై పడు భారము నాలుగు కిలోలు తగ్గునని అమెరికా పరిశోధకులు 2005లో కొలిచి చూపినారు. వేయి అడుగులకు నలువది క్వింటాళ్ళు! పొలమునకు పోయి వచ్చుటలో వేయి అడుగులు లెక్కలోనివి కావు. ఆ పరిశోధకులే స్థూలకాయులగు 454 మందిపై పదునెనిమిది నెలలు జరిపి 2013లో ప్రకటించిన పరీక్షలో, ఆహారము తగ్గించుట, వ్యాయామము రెండును కలిపి చేసినవారు సగటున పది కిలోలకు పైగా తగ్గి, ఒక్కటే చేసినవారికంటె తక్కువ నొప్పితో నడిచినారు. కంచములో అన్నము మూడవ వంతు తగ్గించి, ఆ చోట కూర, పప్పు, ఆకుకూర పెట్టుకొనుట, నూనె పలహారములు మానుట చాలును. బక్కపలుచగానున్నవారికి ఈ మాట వర్తించదు, వారు తగ్గరాదు. కుర్చీలో కూర్చుండి కాలు నిటారుగ చాపి పది లెక్కించువరకు నిలుపుట, రోజుకు రెండు పూటలు పదేసి మార్లు, అందరికిని తగినది. కలుపు తీయునప్పుడు గొంతుకూర్చొనక చిన్న పీట వాడుకొనవలెను.

పొడి పొట్లములు

సంతలలో పేరులేని పొట్లములు అమ్మువారు కలరు. మింగిన రెండవ దినముననే నొప్పి మాయమగును. మూలికలేవియు అంత త్వరగ పనిచేయవు. అట్టి పొడులలో స్టెరాయిడ్లు, నొప్పిమందులు కలిపియుండుట వైద్యులు పలుమార్లు కనిపెట్టినారు. నెలలు వాడినచో ముఖము ఉబ్బి, చక్కెర, రక్తపు పోటు హెచ్చి, తుంటి ఎముక దెబ్బతినును. ఒక్కసారిగ మానుటయు ప్రమాదమే. పొట్లముతో సహా వైద్యుని యొద్దకు పోయి, ఆయన చెప్పినట్లు క్రమముగ మానవలెను.

అంగడిలో విడిగా కొని మింగు డైక్లోఫినాక్ వంటి మాత్రలును మూత్రపిండములను చెఱచును. ఈ మందు పొడిచిన పశువుల కళేబరములు తిని రాబందులు మూత్రపిండములు పాడై చచ్చినందుననే 2006లో మన దేశమున పశువులకు దానిని నిషేధించినారు. ఉద్దానము వంటి మూత్రపిండ వ్యాధి ప్రాంతములవారు, చక్కెర, రక్తపు పోటు గలవారు వీనిని వైద్యుని మాట లేక ముట్టరాదు.

ఇంటిలో పోలికమడి వేయు విధము

మోకాలి అరుగుదలయని వైద్యుడు చెప్పిన పిమ్మట, ఏదైన ఒక డబ్బా పరీక్షింపగోరువారు మొదటి రెండు వారములు ఏమియు మొదలుపెట్టకుండ వ్రాతపని మాత్రమే చేయవలెను. ప్రతిరాత్రి నొప్పికి సున్న నుండి పది వరకు ఒక అంకె వేయుడు. ప్రొద్దున బిగుతు ఎన్ని నిమిషములు నిలిచినదో, చేయి ఊనకుండ పీటమీదనుండి లేవగలిగితిరో లేదో వ్రాయుడు. ఆనాడు చేసిన పనిని, వేరు నొప్పిమాత్ర మింగిన యెడల దానిని గూడ వ్రాయవలెను. చదువురాని పెద్దలకు మనుమడో మనుమరాలో వ్రాసిపెట్టుదురు.

తరువాత ఎనిమిది వారములు ఆ ఒక్కటి మాత్రమే తినుడు. పసుపు పాలు, క్రొత్త పథ్యము, క్రొత్త తైలము ఏవియు తోడు చేర్చరాదు. రెండెరువులు ఒకేసారి వేసిన మడిలో ఏది పనిచేసెనో చెప్పలేము. పిమ్మట నాలుగు వారములు మానవలెను. మానినప్పుడు నొప్పి తిరిగి హెచ్చి, మరల తినగా తగ్గినచో ఆ డబ్బా మీకు పనికివచ్చుచున్నదని నమ్మవచ్చును. మానినను అంకెలు మారనిచో రెండవ డబ్బా కొనకుడు. అంకె పదింటిలో ఒకటి మారుట మార్పు కాదు; రెండు, మూడు మారవలెను.

గడువు ఎన్నుకొనుటలో జాగ్రత్త కావలెను. నాట్లు ముగిసిన వెంటనే మొదలుపెట్టినచో దేనికైనను మంచి పేరే వచ్చును. పని తీరు అంతగా మారని నెలలలో, వరి రైతులకైనచో కోతలు, నూర్పిళ్ళు ముగిసిన తరువాత, మొదలుపెట్టుడు. దాళ్వా వేయువారు రెండు పంటల నడుమ ఎండకాలము చూచుకొనవలెను. కీలు వాచి వెచ్చబడినను, జ్వరము తోడైనను, మోకాలు మడత దిగకపోయినను పరీక్ష ఆపి ఆ దినముననే వైద్యునికి చూపవలెను. వ్రాసిన కాగితమును, మింగుచున్న డబ్బాను ఎప్పుడు పోయినను వెంట తీసికొనిపొండు. డబ్బాల సంగతి వైద్యునితో చెప్పకుండ దాచువారే ఎక్కువ.